ఆరు నిమిషముల నడక చెప్పని సంగతి

కేన్సరు చికిత్స పొందిన బాలుని నడకను కొలుచుటకు వైద్యులు వాడు పరీక్ష ఒకటి కలదు. చదునైన నడవలో ఆరు నిమిషములు నడిపించి, ఎంతదూరము పోయెనో లెక్కింతురు. అమెరికా వక్షోవ్యాధి సంఘము 2002లో దీనికి నియమములు ఏర్పరచినది. గుండె, ఊపిరితిత్తుల సత్తువ తెలియుటకు ఇది మంచి పరీక్షయే. కాని ఆ మీటర్ల లెక్క చూచి ‘నడక బాగున్నది’ అని తేల్చుట తొందరపాటు.

అనంతపురము మెట్టలో అట్టి నడవలు లేవు. గులకరాళ్ళు, వేరుసెనగ చేల గట్లు కలవు. చంకన బిందె నుంచుకొని, చెల్లెలికి బదులు చెప్పుచు, మేక యెటు పోవుచున్నదో చూచుచు పిల్లలు నడతురు. అష్టావధాని యెనిమిది పనులకు మనస్సు పంచును గాని, ఆయన కూర్చుండియే ఆ పని చేయును!

పిల్లలలో ఎక్కువగా కనబడు కేన్సరు తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దాని మందులలో విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో పూయు బిళ్ళగన్నేరు నుండి వచ్చినది. అమెరికాలో 1963లో అనుమతి పొందినది. కణము రెండుగా చీలుటకు కావలసిన సూక్ష్మనాళికలను ఇది ఏర్పడనీయదు. అందుచే కేన్సరు కణము చచ్చును. అయితే నాడీతంతువులలో పోషకద్రవ్యములు ప్రయాణించునదియు అట్టి నాళికల వెంటనే. పొడవైన నాడులు, అనగా పాదములకు పోవునవి, ముందుగా దెబ్బతినును. స్పర్శ మందగించును, ముంగాలు లేవక వ్రేళ్ళు రాతికి తగులును.

మఱియొకటి మెథోట్రెక్సేట్. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో జరిగిన కృషి ఫలము. వెన్నుద్రవములోనికి ఎక్కించిన ఈ మందు వ్యాధి మెదడున దాగకుండ కాపాడును గాని, కొందరు పిల్లలలో ఏకాగ్రతయు ఆలోచనావేగమును తగ్గించును.

పాదము చెప్పవలసిన కబురు చెప్పనప్పుడు మనస్సు ఆ లోటు పూరింపవలెను. ఆ మనస్సుకే సత్తువ తగ్గెనేని? నిశ్శబ్దమైన నడవలో బాలుడు దృష్టి అంతయు అడుగులపై నుంచి నెగ్గుకొనివచ్చును. మాటాడించినచో అడుగు కుఱుచగును, లేదా మాట ఆగును. మాటాడుటకై నడక ఆపు వృద్ధులు తరువాత ఎక్కువగా పడిపోయిరని స్వీడన్ పరిశోధకులు 1997లో లాన్సెట్ పత్రికలో తెలిపియుండిరి. పిల్లలకు మాత్రము మౌనపరీక్షయే చాలుననుట ఏమి న్యాయము?

నడకకు వేఱొక పని జోడించు పరీక్షలోను చిక్కు కలదు. నడచుచు వందనుండి ఏడేసి తీసివేయుమన్నచో, లెక్కలు రాని బాలునికి కాలిలో దోషమున్నట్లు తోచవచ్చును. కావున కూర్చుండి చేసిన పనిని, ఉత్త నడకను, రెండును కలిపిన నడకను విడివిడిగా కొలిచి పోల్చవలెను. తీసివేతల కన్న నీళ్ళచెంబు పట్టించుట ఈ సీమ పిల్లలకు సహజము. పది మీటర్ల సుద్దగీత, సెకండ్లముల్లు గల గడియారము ఉన్నచో బడి ఆవరణలోనే తేడా చూడవచ్చును. తేడా పెద్దదైనచో దానిని సోమరితనమనక, ఆ అంకెలను తల్లిదండ్రుల ద్వారా వైద్యునికి పంపవలెను.