సంతోషము - సంతృప్తి

హిందీలో ‘సంతోష్’ అనగా ఉన్నదానితో తృప్తి చెందుట. తెలుగున ‘సంతోషము’ అనగా ఆనందము. రెండు భాషలును వినవచ్చు బస్తరు దక్షిణపు సరిహద్దున, గొల్లపల్లి వంటి తావున, ఈ భేదము అనువాదకునికి చిన్నది కాదు. చెరలో నుండి ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ నాలుగవ అధ్యాయమున పౌలు, ఏ స్థితిలోనైనను తృప్తుడై యుండ నేర్చితిననెను. హిందీ బైబిలు అచ్చట ‘సంతోష్’ అన్నది. తెలుగు బైబిలు ‘సంతృప్తి’ అన్నది. హిందీ మాటనే తెలుగున ఉంచినచో లేమిని చూచి పొంగిపోయినట్లగును. పౌలు చెప్పినది పొంగు కాదు, నేర్పు. నేర్పు దినదిన సాధనచే గాని రాదు గదా!

తెలుగు విశ్వాసి యింట ఆ సాధనకు పాట తోడు. 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగతాళములతో నడచినవి. కనుకనే అక్షరము రానివారికిని కంఠస్థములైనవి.

అయితే ఈ తృప్తికి హద్దు లేదా? 1964లో సాహిత్య అకాడమీ బహుమతి నందిన ‘క్రీస్తు చరిత్ర’ను వ్రాసిన జాషువయే, 1941 నాటి ‘గబ్బిలము’న అంటరానివాని మొరను కాశీలోని శివునికి పంపినాడు. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, లేమిని ఓర్చుట వేరు, అవమానమును ఓర్చుట వేరు అని తోచును. ఆయనను హిందీలోనికి తెచ్చువారు ‘సంతోషము’న్న చోట ‘ఆనంద్’ అనియే వ్రాయవలెను. ‘సంతోష్’ అన్నచో ఆ పేదవాని నోట లేని సమ్మతిని పలికించినట్లే.