తెల్లకణముల సంఖ్య – రోగి భవిష్యత్తు: ఒక పరిశీలన

వైరసువలన వచ్చు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరినవారిలో ఎవరు కోలుకొందురు? ఎవరు ప్రమాదములో పడుదురు? ఒక రక్తపు చుక్క ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదన్న భావము 2020 తరువాత బాగా వ్యాపించినది. ఇందుకు ఆధారమైన రచనలలో ప్రసిద్ధమైనది, ఫేయి ఝౌ మొదలగువారు 2020 మార్చిలో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన వ్యాసము. దీనిని లెక్కల పాఠమువలె నిదానముగా చదువవలసి యున్నది.

వూహాన్ నగరమందలి రెండు ఆస్పత్రులలో చేరిన 191 మంది కోవిడ్ రోగుల వివరములు ఇందులో కలవు. వారిలో 137 మంది కోలుకొని ఇండ్లకు వెళ్ళిరి. 54 మంది మరణించిరి. వైరసు సోకిన కణములను గుర్తించి నాశనము చేయు తెల్లకణములు లింఫోసైట్లు. చేరినప్పుడు ఇవి ఘన మిల్లీమీటరు రక్తములో 800 కంటె తక్కువ ఉన్నవారు 77 మంది. వారిలో 41 మంది మరణించిరి. తక్కిన 114 మందిలో మరణించినవారు 13 మంది మాత్రమే. ఒకవైపు నూటికి 53, మరొకవైపు 11. ఇది కొట్టివేయదగిన భేదము కాదు.

అయితే ఈ అంకెలనే తిరుగవేసి చూడుడు. కణములు తగ్గినవారిలో 36 మంది బ్రతికిరి. తగ్గనివారిలో 13 మంది బ్రతుకలేదు. గుంపును గూర్చిన మాట ఒక మనిషికి తీర్పు కాజాలదు.

రెండవ విషయము: 2020 జనవరి 31 నాటికి ఇంకను ఆస్పత్రిలోనే ఉన్నవారిని ఇందులో చేర్చలేదు. ఫలితము తెలిసిన విద్యార్థులను మాత్రమే లెక్కించి తరగతి ఉత్తీర్ణతను చెప్పుట వంటిదిది. ఈ లోపమును రచయితలే ఒప్పుకొనిరి. మూడవది: అన్ని కారణములను కలిపి లెక్కించినపుడు వయస్సు, అవయవముల పనితీరును కొలుచు సోఫా అంకె, డి-డైమరు నిలిచినవి; లింఫోసైట్ల సంఖ్య స్వతంత్ర సూచికగా నిలువలేదు.

తరువాతివారు పలువురు న్యూట్రోఫిల్లులను లింఫోసైట్లతో భాగించిన నిష్పత్తిని వాడిరి. 3,500ను 500తో భాగించిన 7 వచ్చును; 10,500ను 1,500తో భాగించినను 7 వచ్చును. ఈ రెండు రక్తములు ఒకటియా? స్టెరాయిడ్ మందు వాడినను న్యూట్రోఫిల్లులు పెరిగి, లింఫోసైట్లు తగ్గును. చేరుటకు ముందే ఆ మందు తీసుకొన్నవాని నిష్పత్తి రోగమును చెప్పుచున్నదా, మందును చెప్పుచున్నదా?

పులికాట్ సరస్సులోని ఇరకం దీవినుండి పడవలో ఒడ్డు చేరి, తిరుపతికో చెన్నైకో పోవలసిన రోగికి ఈ విచక్షణ ప్రాణావసరము. కణముల లెక్క బాగున్నదని వానిని ఇంటికి పంపరాదు. బాగులేదని ఆశ వదలరాదు. 2021 మే నాటి భారతదేశపు చికిత్సా మార్గదర్శకములు వార్డులో చేర్చుటకు గుర్తులుగా చెప్పినవి నిమిషమునకు 24 లేక అంతకు మించిన శ్వాసలు, 93 శాతమునకు దిగిన ఆక్సిజన్. రక్తకణముల సంఖ్య కాదు.

ఝౌ వ్యాసము విలువైనది. దోషము, దానిలోని హెచ్చరికలను విడిచి అంకెను మాత్రము ఏరుకొన్నవారిది. కణముల లెక్క చవుకైన, మేలైన పరీక్ష. రోగిని మరింత జాగ్రత్తగా కనిపెట్టుటకు అది తోడ్పడవలెను గాని, రోగిని చూచుటకు బదులు కారాదు.