మూతి దగ్గర ఒక్క మిల్లీమీటరు

12 బోరు తుపాకి బ్యారెల్ లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. మూతి ఇంకా రెండు మూడు అంగుళాలుందనగా ఆ దారిని కొద్దిగా ఇరుకు చేస్తే అదే చోక్. ఫుల్ చోక్‌కు తగ్గించేది ఒక్క మిల్లీమీటరు, హాఫ్ చోక్‌కు అందులో సగం. ఈ కాస్త ఇరుకు ఏం చేస్తుందో కాగితం చెబుతుంది. 40 గజాల దూరం నుంచి కాల్చి, 30 అంగుళాల వృత్తంలో పడ్డ గుండ్లను లెక్కపెడితే చోక్ లేని బ్యారెల్‌కు 40 శాతం, హాఫ్‌కు 60, ఫుల్‌కు 70 వస్తాయని పాత లెక్క. నీళ్ల పైపు మూతి నొక్కితే ధార దూకుడు పెరిగినట్టు చోక్ గుండ్ల వేగాన్ని పెంచుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి వేగంలో తేడా నామమాత్రం. బయటి వరుసలో వచ్చే గుండ్లను ఇరుకు లోపలికి నెట్టడంతో గుంపు ఆలస్యంగా విచ్చుకుంటుంది, అంతే. బర్మింగ్‌హామ్‌లో తుపాకుల తయారీదారు గ్రీనర్ 1870లలో ఈ పనితనానికి పేరు తెచ్చాడు. 1875లో లండన్‌లో చోక్ ఉన్న బ్యారెళ్లనూ లేనివాటినీ పక్కపక్కన పరీక్షించాక చోక్ మేలా కాదా అన్న వాదన చాలావరకు సద్దుమణిగింది.

ఇప్పుడు మరలాగా తిప్పి మార్చుకునే చోక్‌లు వచ్చాయి కదా, బ్యారెల్‌లోనే తొలిచిన ఫిక్స్‌డ్ చోక్‌తో పనేమిటి? మార్చుకునే చోక్ కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో రోపర్ 1868లోనే పేటెంటు తీసుకున్నాడు. అసలు జవాబు వేరే ఉంది. జంట బ్యారెళ్ల తుపాకిలో ఒక బ్యారెల్‌కు వదులు చోక్, రెండోదానికి బిగువు చోక్ తొలుస్తారు. రెండు ట్రిగ్గర్లుంటే దగ్గరిదానికి ఒకటి, దూరపుదానికి ఇంకొకటి. ఎంపిక వేలి కదలికలో అయిపోతుంది. మర చోక్ మార్చాలంటే తుపాకి ఖాళీ చేసి, తాళంచెవిలాంటి పనిముట్టుతో తిప్పాలి. లక్ష్యం అంతసేపు ఆగదు.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశంలో వేటకు తావు లేదు. కాబట్టి చోక్ విలువను కొలవాల్సింది గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను కాల్చే ట్రాప్ షూటింగ్ మైదానంలో. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో పోటీపడ్డదీ, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం తెచ్చిందీ ఈ ఆటలోనే. ఇందులో తూటాకు 24 గ్రాముల సీసమే వాడతారు. 2.4 మిల్లీమీటర్ల గుండ్లయితే దాదాపు 300. ఫుల్ చోక్‌తో 30 అంగుళాల వృత్తంలో 210 పడితే, సగటున 22 చదరపు సెంటీమీటర్లకు ఒకటి. చోక్ లేకుంటే 38కి ఒకటి. షూటర్‌కు ఎదురుగా దూరం జరిగే మట్టి పళ్లెం ఎక్కువగా అంచునే చూపిస్తుంది. 11 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర ఎత్తు లెక్కన ఆ అంచు 27.5 చదరపు సెంటీమీటర్లు. బిగువు గుంపులో దానికి ఒక గుండైనా తగిలే అవకాశం బలంగా ఉంటుంది. వదులు గుంపులో గురి సరిగ్గా ఉన్నా పళ్లెం సందులోంచి జారిపోవచ్చు.

అయినా ఫుల్ చోక్ అన్నింటికీ మందు కాదు. స్కీట్ అనే మరో మట్టి పళ్లేల ఆటలో పళ్లెం ఇరవై మీటర్లలోపే దాటిపోతుంది. అంత దగ్గర ఫుల్ చోక్ గుంపు, చోక్ లేనిదాని వెడల్పులో దాదాపు సగమే. ఒకే తుపాకితో రెండు ఆటలూ ఆడేవారికి మర చోకే మేలని ఒప్పుకోవాలి. ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైనదే: ఫిక్స్‌డ్ చోక్‌ను తొలిచి వదులు చేయవచ్చుగానీ మళ్లీ బిగించలేం. అందుకే తొలిపించే ముందు కాగితం మీద కాల్చి చూడాలి. బ్యారెల్ మీద చెక్కిన గుర్తును నమ్మడం కంటే అది నయం, ఎందుకంటే తూటా మారితే శాతమూ మారుతుంది.

మూతి నొక్కుకుపోయిన పాత తుపాకిని కోయించి సరిచేద్దామనే ఆలోచన మాత్రం పనికిరాదు. చోక్ ఉండేదే ఆ చివరి అంగుళాల్లో. కోస్తే మిగిలేది నాటు తుపాకి గొట్టం లాంటి తిన్నని గొట్టం. పైగా లైసెన్సు లేకుండా బ్యారెల్‌ను పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.