వెనక్కి నడిపే పందెం

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు దూసుకుపోతుంటే దేశమంతా చూసింది. నాకు మాత్రం డ్రైవింగులో పనితనం అంటే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతికి పెట్టే ట్రాక్టర్ రివర్స్ పోటీయే. ఖాళీ చేలో జెండా కర్రలు పాతుతారు. ట్రక్కు తగిలించిన ట్రాక్టరును వాటి మధ్యగా వెనక్కి నడపాలి. కర్ర తగలకూడదు, టైమూ తక్కువ పట్టాలి. రెండు చక్రాల ట్రక్కు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. అది అటు మొగ్గగానే స్టీరింగు ఎదురు తిప్పి దాని వెంట పడాలి. క్షణం ఆలస్యమైతే ట్రక్కు అడ్డం తిరిగి పెద్ద టైరును రాసుకుంటుంది. నాలుగు చక్రాలదైతే ముందు ఇరుసు కూడా తిరుగుతుంది, కష్టం రెట్టింపు. అసలైన పనివాడు సీట్లో సగం పక్కకు తిరిగి, ఒక చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, రెండో చేత్తో స్టీరింగును పిసరంత పిసరంత సర్దుతాడు. ఎడమకాలు క్లచ్చిని సగం నొక్కే ఉంచుతుంది. ఎంత ముచ్చటగా ఉంటుందో! ఈ నేర్పు పండగనాటిది మాత్రమే కాదు. మిర్చి సీజనులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నిండిన ట్రక్కును కోల్డ్ స్టోరేజీ అరుగుకు జానెడు ఎడంలో ఒక్క ఊపున ఆపేది వీళ్లే. అలా ఆపితే హమాలీకి బరువు భుజాన వేసుకుని మెట్టు దిగే పని తప్పుతుంది, వెనక ఆగిన బళ్లన్నీ గబగబా కదులుతాయి.