పూర్వ బాల్య ప్రత్యేక విద్యలో కుటుంబ భాగస్వామ్యం: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

ఆరేళ్లలోపు వైకల్యం గల పిల్లల విద్యలో కుటుంబం భాగస్వామి కావాలన్న సూత్రాన్ని అందరూ అంగీకరిస్తారు. ఆచరణలో మాత్రం కుటుంబం నిపుణుల సూచనలను అమలు చేసే పక్షంగానే మిగిలిపోతున్నది. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నేపథ్యంగా ఈ అంతరాన్ని చట్టం, వివరాల సేకరణ, పని వేళలు అనే మూడు కోణాల్లో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: పూర్వ బాల్యం, ప్రత్యేక విద్య, వలస కుటుంబాలు, సాంస్కృతిక పరస్పరత, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారం వంటి ఊళ్లలో అద్దె గదులే వేలాది కార్మికుల ఇళ్లు. స్థానిక తెలుగు, ఉర్దూ కుటుంబాలతోపాటు నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాల తండాల వారు, బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు ఇక్కడ పక్కపక్కనే నివసిస్తున్నారు. కుటుంబాల వైవిధ్యం ఇక్కడ పుస్తకంలో చదివే భావన కాదు, ఒకే వరుసలోని నాలుగు గదుల్లో వినిపించే నాలుగు భాషలు.

సేవా వ్యవస్థలు లేవని చెప్పలేము. మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లోనే సికింద్రాబాదులో ఏర్పడింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. 2021లో సికింద్రాబాదుతో సహా దేశంలో 14 చోట్ల తొలిదశ జోక్య కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 2023లో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ మార్గదర్శకాలు వెలువడ్డాయి. అయితే వీటిలో కుటుంబానికి దక్కిన స్థానం ఏమిటన్నదే ఇక్కడ చర్చనీయాంశం.

2. సహకారం, భాగస్వామ్యం

మన విద్యా పరిభాషలో ‘తల్లిదండ్రుల సహకారం’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో నిర్ణయం ఒకరిది, సహాయం మరొకరిది. పిల్లవాడిని సమయానికి తీసుకురావడం, ఇంటివద్ద చేయించమన్న అభ్యాసాలను చేయించడం సహకారమవుతుంది. ముందుగా ఏ లక్ష్యాన్ని ఎంచుకోవాలో కలిసి తేల్చుకోవడం భాగస్వామ్యం. ఈ రెండింటినీ పర్యాయపదాలుగా వాడడంవల్ల, హాజరు బాగుంటే భాగస్వామ్యం ఉన్నట్లేనన్న భ్రమ కలుగుతున్నది.

అమెరికాలో 1986 నాటి చట్టం మూడేళ్లలోపు పిల్లల సేవలకు వ్యక్తిగత కుటుంబ సేవా ప్రణాళికను తప్పనిసరి చేసింది. కుటుంబం తన అవసరాలుగా గుర్తించినవాటికి ఆ ప్రణాళికలో చోటుంటుంది. అటువంటి నిర్బంధం మన చట్టాల్లో లేదు. అలాగని ఈ ఆలోచన మనకు పరాయిదీ కాదు. సికింద్రాబాదు జాతీయ సంస్థలో రీటా పేషావారియా, ఆమె సహ పరిశోధకులు 1990వ దశకంలోనే భారతీయ కుటుంబాల అవసరాలను తెలుసుకునే ప్రశ్నావళిని రూపొందించారు. తల్లిదండ్రులతోపాటు తోబుట్టువులను, అవ్వాతాతలను కూడా అందులో పరిగణించారు. ఆ దృష్టి పరిశోధన సాధనంగా నిలిచినంతగా దైనందిన సేవలో అలవాటు కాలేదు.

3. చట్టం గీసిన వయోరేఖ

1995 నాటి వికలాంగుల చట్టం 18 ఏళ్లు నిండేవరకు ఉచిత విద్య అన్నదే తప్ప, ఆరంభ వయస్సును చెప్పలేదు. 2016 చట్టంలోని 31వ సెక్షన్ ఆ హక్కును 6 నుంచి 18 ఏళ్లకు పరిమితం చేసింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్లతోనే మొదలవుతుంది. ఎదుగుదలకు అత్యంత కీలకమైన తొలి ఆరేళ్లు ఈ విధంగా విద్యాహక్కు పరిధి వెలుపల, ఆరోగ్య, శిశు సంక్షేమ పథకాల నీడలో ఉండిపోయాయి. పథకంలో కుటుంబం లబ్ధిదారు, హక్కులో అది వాది. వాదిగా నిలిచే చోటు లేని కుటుంబాన్ని భాగస్వామి అనడం మర్యాద మాత్రమే.

బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు సందర్శించాలి. కానీ మధ్యలో ఊరు మారిన పిల్లవాడు, అంగన్‌వాడీలో పేరే నమోదు కాని పిల్లవాడు ఆ పరీక్షకు అందడు. వలస కుటుంబంతో సంబంధం మొదలు కాకముందే తెగిపోయే చోటు ఇదే.

4. ఒకే ప్రశ్న, మూడు అర్థాలు

కేంద్రంలో మొదటి రోజు నింపే వివరాల పత్రంలో ‘మేనరికమా?’ అన్న ప్రశ్న సాధారణంగా ఉంటుంది. వైద్యపరంగా అది అవసరమే. కానీ మేనమామనో మేనబావనో చేసుకోవడం ఆచారంగా ఉన్న తెలుగు తల్లికి అది తప్పును ఎత్తిచూపినట్లు తోస్తుంది. రక్తసంబంధీకుల పెండ్లి నిషిద్ధమైన బిహారీ హిందూ కుటుంబానికి అది అవమానంగా వినిపించవచ్చు. పినతండ్రి కూతురిని చేసుకోవడం మతసమ్మతమైన ముస్లిం కుటుంబానికి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాకపోవచ్చు. అడిగే తీరులోనే సంబంధం బలపడడమో బీటలు వారడమో జరుగుతుంది.

మరోవైపు, కాలుష్యంపై దశాబ్దాలుగా ఆందోళనలు నడిచిన ఈ నేలమీద తండ్రి ఏ విభాగంలో పనిచేస్తాడు, ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు అన్న ప్రశ్నలకు అదే పత్రంలో చోటు ఉండాలి. ప్రతి వైకల్యానికీ పరిశ్రమే కారణమని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. కుటుంబం మనసులోని సందేహాన్ని వినకుండా, నిపుణుడి సందేహాన్ని మాత్రమే నమోదు చేయడం సమభాగస్వామ్యం కాదన్నదే వాదన.

5. సాంస్కృతిక పరస్పరత: దాని పరిమితి

మాయా కల్యాణ్‌పూర్, బెత్ హ్యారీ 1999లో ప్రతిపాదించిన సాంస్కృతిక పరస్పరత నిపుణుడిని ముందు తన విలువలను తాను గుర్తించమంటుంది. పిల్లవాడు తన చేత్తో తానే తినాలన్న లక్ష్యం వెనుక స్వావలంబన అనే విలువ ఉంది. గోరుముద్దలు తినిపించడంలో ప్రేమను చూసే ఇంటికి ఆ లక్ష్యం తొందరపాటుగా కనిపించవచ్చు. ఈ తేడాను దాచకుండా చర్చించాలన్న వారి సూచన విలువైనది.

అయితే, ఆ చర్చకు ఇరుపక్షాలకూ తీరిక ఉందని ఈ సిద్ధాంతం ముందే అనుకుంటుంది. గుత్తేదారు కింద పనిచేసే కార్మికుడికి ఒక పూట సెలవంటే కూలి పోవడమే. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రికి ఉదయం పదకొండు గంటల సమావేశం నిద్రవేళ. పనికి వెళ్లే తల్లికి తొలి లక్ష్యం చేత్తో తినడం కాక, మలమూత్ర అవసరాన్ని సైగతోనైనా తెలపడం కావచ్చు. అది వస్తేనే పొరుగింటావిడ బిడ్డను చూసుకోవడానికి ఒప్పుకుంటుంది. ఇక్కడ లక్ష్యాన్ని నిర్ణయిస్తున్నది సంస్కృతి ఒక్కటే కాదు, కూలి గడియారం కూడా. దాన్ని చూడని నిపుణుడు ఆ తల్లి ఎంపికను అశ్రద్ధగా నమోదు చేస్తాడు.

6. ముగింపు

పై పరిశీలన కొన్ని ఆచరణీయ మార్పులను సూచిస్తున్నది. ప్రణాళిక పత్రంలో తొలి గడి ‘కుటుంబం కోరిన లక్ష్యం’ కావాలి. షిఫ్టుల ప్రకారం ఆదివారాలు, సాయంత్రాలు సమావేశాలకు కేటాయించాలి. దుబాసీ బాధ్యతను ఇంట్లోని పెద్దపిల్లలపై వేయకూడదు. పిల్లవాడి ప్రగతి పత్రం కుటుంబం చేతిలోనే ఉండి, వారితోపాటు స్వగ్రామానికి వెళ్లాలి. 30 మందికి మించి మహిళా కార్మికులున్న కర్మాగారాల్లో ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. ఆ నియమం పురుష కార్మికుల కుటుంబాలను చేరలేదు. అయినా ప్రత్యేక విద్య పనిచోటికే వెళ్లగల దారి ఒకటి అందులో ఉండేది.

ప్రత్యేక ఉపాధ్యాయ శిక్షణలో కుటుంబాలతో మాట్లాడే నైపుణ్యాన్ని బోధిస్తున్నాం. వారి వేళలో, వారి భాషలో, వారి నిర్ణయానికి కట్టుబడి వినడం దానికి ముందు మెట్టు. ఆ మెట్టు లేనంతకాలం పటాన్‌చెరు కుటుంబాలు సహకరిస్తూనే ఉంటాయి, భాగస్వాములు మాత్రం కాలేవు.