కవరులోని నీళ్లు ముందు కొలవాలి

సముద్రపు చేపను కొనుక్కొచ్చినవాళ్లు ఇంటికి రాగానే చేసే మొదటి పని కవరు మూతి విప్పడం. నేను అడ్డుపడేది అక్కడే. ఆ మూతి విప్పేదాకా చేపకు గంటల వ్యవధి ఉంటుంది. విప్పాక మిగిలేవి నిమిషాలే.

చెన్నై నుంచి విశాఖకు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన క్లౌన్ చేప సంగతే చూడండి. ఒంటి మీద తెల్లటి పట్టీలతో, రెండు వేళ్ల మధ్య ఇమిడేంత నారింజ రంగు చేప. అంత చిన్న ప్రాణం కూడా ఆ కాసిని నీళ్లలో ఊపిరి తీస్తూనే ఉంది, వ్యర్థాలు వదులుతూనే ఉంది. మొప్పల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు బయటికి దారి లేదు, నీళ్లలోనే కరుగుతుంది. దాంతో పీహెచ్ పడిపోతుంది. అవే మొప్పల నుంచి అమ్మోనియా కూడా వస్తుంది. పీహెచ్ 7 దగ్గర ఆ అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. మిగిలినదంతా అమ్మోనియంగా మారి, చేపకు పెద్దగా హాని చేయకుండా పడి ఉంటుంది. చేప తన ఊపిరితోనే తన విషాన్ని అణచిపెట్టుకుని మన ఊరు చేరుతుందన్నమాట. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

కవరు విప్పి, బక్కెట్‌లో పోసి, పాపం గాలి ఆడాలి కదా అని ఎయిర్ స్టోన్ వేస్తాం. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. పీహెచ్ సముద్రపు స్థాయికి, అంటే 8.2 వైపుకి ఎక్కుతుంది. అప్పటిదాకా అణిగి ఉన్న అమ్మోనియాలో విషరూపం పదింతలకు పైగా పెరుగుతుంది. చేప ఎక్కడికీ కదల్లేదు, నీళ్లూ మారలేదు. అయినా అవే నీళ్లు మొప్పలను కాల్చడం మొదలుపెడతాయి.

సన్న గొట్టంతో ట్యాంకు నీళ్లను చుక్కచుక్కగా బక్కెట్‌లోకి వదులుతూ చేపను అలవాటు చేసే డ్రిప్ పద్ధతి అందరికీ తెలిసిందే. ఎంత ఎక్కువసేపు చేస్తే అంత మంచిదని నమ్మకం. ఊళ్లోనే దుకాణం నుంచి అరగంటలో తెచ్చుకున్న చేపకైతే పర్వాలేదు. రాత్రంతా కవరులో ఉన్నదాన్ని మాత్రం రెండు గంటలపాటు ఆ బక్కెట్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు. మన ఓపిక చూసి మనకు తృప్తిగా ఉండొచ్చు. ఆ రెండు గంటలూ చేప తన మురికిలోనే ఊపిరి తీసుకోవాలి.

అలాగని తీసుకెళ్లి నేరుగా మన ట్యాంకులో వేయమనీ అనను. అక్కడ ఉప్పు కాచుకుని ఉంటుంది.

సముద్రపు చేప ఒంట్లోని ఉప్పు సాంద్రత సముద్రంలో ఉన్నదాంట్లో ఇంచుమించు మూడో వంతు. అందువల్ల దాని ఒంట్లో నీరు మొప్పల గుండా ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. చుట్టూ సముద్రం ఉన్నా అది ఎండిపోకుండా కాపాడుకోవాల్సిన ప్రాణి. అందుకే సముద్రపు నీళ్లు తాగుతూ, అందులో వచ్చిన అదనపు ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి నెడుతూ ఉంటుంది. మన చెరువుల్లోని బొచ్చె, శీలావతిలది సరిగ్గా తిరగేసిన బతుకు: వాటి ఒంట్లోకి నీరు చొరబడుతుంటే అవి బయటికి తోడుకుంటాయి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. నీళ్లలో ఉప్పు కొంత తగ్గితే సముద్రపు చేపకు పని తేలికవుతుంది, చాలావరకు తట్టుకుంటుంది. ఉప్పు ఒక్కసారిగా పెరిగితే ఒంట్లోని నీటిని లాగేస్తుంది. ఆ దెబ్బ అదే రోజు కనపడకపోవచ్చు. రెండు మూడు రోజులు బాగానే తిరిగి, తర్వాత ఒక ఉదయం అడుగున పడి ఉంటుంది. ఏ జబ్బూ కనపడదు కనుక నెపం దుకాణం మీదికి పోతుంది.

దుకాణాల్లో, గోదాముల్లో చేపల ట్యాంకులను తక్కువ ఉప్పుతో నడపడం మామూలే. ఉప్పు ఖరీదు కలిసొస్తుంది, కొన్ని పరాన్నజీవుల ఉధృతీ తగ్గుతుంది. మన ఇంటి ట్యాంకులో విశిష్ట సాంద్రత 1.025 ఉంటే, అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, కవరులో 1.019 ఉండొచ్చు. ఆ తేడాను గంటలో దాటించడం చేపకు అన్యాయం.

అందుకే నేను చెప్పేది ఇది. చేపను మన నీళ్లకు అలవాటు చేయాలన్న తొందర వదిలేసి, మన నీళ్లనే చేప వచ్చిన నీళ్లకు సరిచేద్దాం. ముందురోజే అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, "ఏమండీ, ఈ చేప ఉన్న ట్యాంకులో సెలైనిటీ ఎంత పెట్టారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన అంకెకు సరిపోయేలా కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే ఒక చిన్న క్వారంటైన్ ట్యాంకు సిద్ధం చేయండి. కవరు వచ్చాక, మూతి విప్పకుండానే ఆ ట్యాంకులో పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వండి. లోపలా బయటా వేడి ఒక్కటవుతుంది. అప్పుడు విప్పి, రెండు చుక్కలు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద వేసి చూడండి. చెప్పిన అంకే కనిపిస్తే గిన్నెతో చేపను ఎత్తి, కవరు నీళ్లు వంపేసి, చేపను మాత్రమే వదలండి. కవరు ఉప్పు ఇంకా తక్కువగా తేలితే, ఆర్‌ఓ నీళ్లు పోసి ట్యాంకును ఆ అంకెకు దించడం నిమిషాల పని, అందుకు పక్కన ఆ నీళ్లు సిద్ధంగా పెట్టుకోవాలి. వల కన్నా గిన్నె మేలు. ఏంజెల్ చేపలకు మొప్ప రెప్ప దగ్గర ముల్లు ఉంటుంది, వలలో చిక్కుకుంటుంది. తర్వాత రోజుకు లీటరుకు ఒకటి, మహా అయితే రెండు గ్రాముల చొప్పున ఉప్పు పెంచుకుంటూ పోతే, చేప తన వేగంతో తాను మన అంకెకు చేరుతుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావగారికి ఇది రోజువారీ వ్యవహారం. హేచరీకి సీడు ఆర్డరు ఇచ్చేటప్పుడే ఆయన తన చెరువు సెలైనిటీ చెబుతారు. వాళ్లు పిల్లలను ప్యాక్ చేసేలోపు తమ ట్యాంకుల్లోనే ఉప్పును ఆ అంకె దగ్గరికి దించుకుంటూ వస్తారు. ఎండెక్కకముందే కవర్లు గట్టుకు చేరాలి, చెరువులో తేలాలి, వేడి సమం కావాలి. నా ఫిష్ ట్యాంకు చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన అన్న మాట: "పిల్లకి అన్యాయం జరిగేది గట్టు మీదేనయ్యా. చెరువులో పడ్డాక దాని సంగతి అది చూసుకుంటుంది." లక్షల పిల్లలను వదిలే మనిషికి ఉన్న ఈ జాగ్రత్త, ఒక్క చేపను తెచ్చుకునే మనకు ఇంకా ఎక్కువ ఉండాలి.

క్వారంటైన్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. ట్యాంకు ఎదురుగా ఉండగా ముచ్చటపడి తెచ్చుకున్న చేపను నెల పైన పక్కగదిలో పెట్టడమా అని. ఈ విషయంలో మన కోస్తా చాలా ఖరీదైన పాఠమే నేర్చుకుంది. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి రొయ్యల చెరువులను ఊడ్చేసింది. తర్వాత 2009లో వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలన్నీ ముందు చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఆగి, పరీక్షలు దాటాకే హేచరీలకు వెళ్లేలా ఏర్పాటు చేశారు.

అక్వేరియంలోనూ తెల్లమచ్చ ఉంది. పేరు ఒక్కటే, జబ్బు వేరు. ఇది వైరస్ కాదు, క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. దీని నడవడి తెలుసుకోనివాళ్లు దీని చేతిలో తప్పక మోసపోతారు. చేప చర్మంలో, మొప్పల్లో మూడు నుంచి ఏడు రోజులు తిని, బలిసి, రాలిపోతుంది. చేప మీద ఉప్పు చల్లినట్టున్న చుక్కలు మాయమవుతాయి. మందు పనిచేసిందని సంతోషిస్తాం. నిజానికి అది ఇసుకలో, రాళ్ల మీద గుల్ల కట్టుకుని లోపల ముక్కలుముక్కలుగా చీలుతోంది. ఒక్కో గుల్ల నుంచి వందకు పైగా పిల్లజీవులు బయటపడగలవు. ఇవి ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోకపోతే చచ్చిపోతాయి. గుల్లలు మామూలుగా మూడు రోజుల నుంచి నాలుగు వారాల లోపు పగులుతాయి, కొన్ని 72 రోజుల దాకా ఆగినట్టు కూడా నమోదైంది. పెద్ద ట్యాంకులోకి ఒకసారి ఈ జీవి వచ్చిందంటే, చేపలన్నిటినీ బయటికి తీసి 76 రోజులు ట్యాంకును ఖాళీగా ఉంచమనేది అందుకే. రాగి మందు వేద్దామంటే రొయ్యలు, నత్తలు, పగడాలు దానికి బతకవు. రాళ్లు ఆ రాగిని పీల్చుకుంటాయి కూడా.

చిన్న ట్యాంకులో ఇవే లెక్కలు మనకు అనుకూలంగా తిరుగుతాయి. రాలిన గుల్ల మూడు రోజుల లోపు పగలదు కనుక, చేపను ప్రతి 72 గంటలకూ శుభ్రమైన మరో ట్యాంకులోకి, అదే వేడి, అదే ఉప్పు ఉన్న నీళ్లలోకి మార్చుకుంటూ పోతే పరాన్నజీవి వెనకబడిపోతుంది. అలా నాలుగు మార్పులతో, మందు చుక్క పడకుండా, తెల్లమచ్చ వదిలిపోతుంది. నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం. శత్రువు గడియారం చూసి దానికన్నా ముందు కదలడమే ఇందులో ఉన్న పని. వెల్వెట్ అనే ఇంకో జబ్బుకు మాత్రం ఇది చాలదు. చేప ఒంటి మీద సన్నటి పొడి కనిపించి, ఎగశ్వాస పెడుతూ, పంపు ధార ముందు నిలబడిపోతే ఆగడానికి వీల్లేదు. అప్పుడు రాగి తప్పదు. టెస్ట్ కిట్ లేకుండా మాత్రం వేయకూడదు, మోతాదు కొంచెం తగ్గితే రోగం ఉంటుంది, కొంచెం పెరిగితే చేప పోతుంది.

క్వారంటైన్ ట్యాంకుకు హంగులేమీ అక్కర్లేదు. అడుగున ఇసుక వద్దు. దాక్కోవడానికి తెల్లటి పీవీసీ పైపు ముక్కలు, ఒక హీటర్, మూత, స్పాంజ్ ఫిల్టర్ చాలు. ఆ స్పాంజ్ కొత్తది అయితే మాత్రం పనికిరాదు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా దాని మీద ఊరాలంటే వారాలు పడుతుంది కనుక, చేపను కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడే దాన్ని పెద్ద ట్యాంకులో ఒక మూల పడేయాలి. కొత్త చేప బతుకు సగం ఆ మూలలోనే నిర్ణయమవుతుందని నా నమ్మకం.

విశాఖలో ఉంటూ సముద్రపు నీళ్ల కోసం ఉప్పు కొనడమేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మా బీచ్ నీళ్లు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. వానాకాలం చివర్లో నదులు మోసుకొచ్చిన మంచినీళ్లు తీరం వెంబడి పరుచుకుంటాయి, ఉప్పుదనం బాగా తగ్గుతుంది. ఒడ్డున కలిసే మురుగు సంగతి సరేసరి. ఆర్‌ఓ నీళ్లలో ప్యాకెట్ ఉప్పు కలుపుకోవడమే నాకు నిశ్చింత. చిన్న ట్యాంకులో నీరు ఆవిరైపోయి ఉప్పు దానంతటదే పెరుగుతుందని కూడా గుర్తుండాలి. తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పోయాలి.

మొదటి రోజు లైటు వేయకండి, మేత వేయకండి. పిల్లలను గాజు మీద తట్టనివ్వకండి. చూడాల్సింది మొప్పల కదలికే. అలసిన చేప మొదట్లో గబగబా ఊపిరి తీస్తుంది, గంటలు గడిచేకొద్దీ నెమ్మదించాలి. నెమ్మదించకపోతే అమ్మోనియా కొలవండి. రెండో రోజు మేతకు మూతి తిప్పుకుంటే బెంబేలెత్తనక్కర్లేదు. అప్పుడే పొదిగించిన ఆర్టీమియా అనే సన్నటి ఉప్పునీటి జీవులను వేయండి. నీళ్లలో కదిలే ఆ ఎర్రటి చుక్కలను చూసి కాదనే చిన్న చేపలు తక్కువ. రొయ్యల హేచరీల పుణ్యమా అని ఆర్టీమియా గుడ్ల డబ్బాలు మన తీరంలో దొరకడం కష్టం కాదు. తినడం మొదలుపెట్టాక గడ్డకట్టిన మైసిస్ రొయ్యలకు, ఆపైన గుళికల మేతకు మార్చుకోవచ్చు.

కొనేముందే దుకాణంలో చేప మేత తినడం కళ్లారా చూడాలని పట్టుబట్టండి. వీలైనంతవరకు హేచరీలో పుట్టిన చేపనే అడగండి. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే సాధించారు. అలా పుట్టిన చేపకు ట్యాంకు, గుళికల మేత, మనుషుల అలికిడి కొత్త కాదు. దాన్ని పగడపు దిబ్బల నుంచి పట్టి ఎవరూ తేలేదు. సముద్రపు గుర్రాలను, పగడాలను ఎవరైనా చాటుగా ఇస్తామంటే తీసుకోకండి. మన సముద్రంలోని ఆ ప్రాణులకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద పులితో సమానమైన రక్షణ ఉంది.

నాలుగు నుంచి ఆరు వారాలు చేప బాగా తిని, ఒళ్లు నిగనిగలాడుతుంటే పెద్ద ట్యాంకుకు మార్చవచ్చు. రెండు చోట్లా ఉప్పు, వేడి ఒకేలా ఉన్నాయని చూసుకుని, సాయంత్రం లైట్లు ఆర్పాక మార్చండి. అంతకుముందే పాత చేపలకు కడుపునిండా మేత వేయండి, రెండు మూడు రాళ్ల చోటు మార్చండి. ఎవరి హద్దు ఎక్కడో తేల్చుకునే పనిలో పడి అవి కొత్తదాని జోలికి అంతగా రావు. డామ్సెల్ చేప లాంటి కయ్యాలమారి ఉంటే, రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెలో కొత్త చేపను కొన్నాళ్లు అదే ట్యాంకులో వేలాడదీయండి. ఒకదాన్నొకటి చూసుకుంటాయి గానీ కరుచుకోలేవు. పాతది పెట్టె చుట్టూ తిరగడం మానేసి తన దారిన తాను మేత వెతుక్కుంటున్నప్పుడు మూత తీయవచ్చు.