జోడీలు కూర్చు విద్య

చదరంగపు పోటీకి 64 మంది ఆటగాండ్రు వచ్చిరనుకొందము. ప్రతివాడును తక్కినవారందరితో నొక్కొక్క ఆట ఆడవలెనన్న 63 రౌండులు, 2016 ఆటలు కావలయును. ఆదివారముతో ముగియవలసిన పోటీ నెల దాటినను ముగియదు. పోనీ, నాకౌటు పెట్టుదమా, ఆరు రౌండులలో విజేత తేలునుగాని, రాత్రియంతయు రైలులో కూర్చుండి వచ్చిన కుర్రవాడు మధ్యాహ్న భోజనమునకు ముందే సంచి సర్దుకొనవలసి వచ్చును. ఈ రెంటికిని నడుమనున్న త్రోవను 1895లో స్విట్జర్లండునందలి జూరిచ్ నగరపు పోటీయందు జూలియస్ ముల్లర్ అనునాయన ఆచరణలో పెట్టెను. ఆ దేశము పేరనే అది స్విస్ పద్ధతి యైనది.

సూత్రము చెప్పుటకు సులభము. ఓడినవాడు వెడలిపోడు, ప్రతి రౌండునందును సాధ్యమైనంతవరకు సమానమైన పాయింట్లు గలవారే ఎదురెదురుగా కూర్చుందురు, ఒకమారు తలపడినవారు ఆ పోటీలో మరల తలపడరాదు. కంప్యూటరు లేని దినములలో ఈ సూత్రము బల్లమీద అమలగుట చూడవలసినదే. ఆటగానికొక అట్టముక్క, దానిపై అతని సీడు సంఖ్య (అనగా బలమునుబట్టి ఇచ్చిన వరుస సంఖ్య), ఎవరితో ఆడెనో, తెల్లపావులా నల్లపావులా, గెలుపా డ్రాయా ఓటమియా. అర్బిటరుగారు ఆ అట్టలను పాయింట్లవారీగా కట్టలుచేసి, ఒక కట్టలో ఎనమండుగురున్నచో పై నలుగురిని ఒక వరుసగాను క్రింది నలుగురిని మరియొక వరుసగాను పేర్చి, ఒకటవవానికి ఐదవవానిని, రెండవవానికి ఆరవవానిని జతచేసికొనుచు పోయి, ఇక ముగిసినదని మేమనుకొనునంతలో, నాలుగవవానికిని ఎనిమిదవవానికిని ఇదివరకే ఆట జరిగియుండుటయో, ఇరువురకును వరుసగా రెండుమారులు నల్లపావులే వచ్చియుండుటచే ఎవరికి మూడవమారు ఇచ్చినను నియమభంగమగుటయో కంటబడి, ఏడవ అట్టను ఎనిమిదవదానిని తారుమారు చేయగా, దానివలన మూడవ జతకు కొత్త చిక్కు పుట్టి, అట్టలన్నియు మరల కదలుట మొదలిడును. తలుపు వెలుపల తల్లిదండ్రులు మాత్రము “పెయిరింగ్స్ పెట్టారా సార్?” అని అడుగుచునే యుందురు.

కట్టలో బేసి మిగిలినవాడు క్రింది కట్టలోనికి దిగును. మొత్తము సంఖ్యయే బేసియైనచో అడుగుననున్న ఒకనికి బై, అనగా ఆడకయే ఒక పాయింటు. ఆ పాయింటు దొరికినందుకు సంతోషించిన బాలుని నేను చూచి యెరుగను.

మొదటి రౌండున అందరికిని సున్నయే గనుక పోటీయంతయు ఒకే కట్ట. మొదటి సీడునకు ఎదురుగా 33వ సీడు వచ్చును. ఇది సమానుల పోరని ఎవరనగలరు? ఈ పద్ధతిలోని న్యాయము తొలిపూట కానరాదు; రౌండులు గడచినకొలది ఎవరి మట్టమునకు వారు చేరుదురు. 2024లో న్యూయార్కునందు జరిగిన మహిళల ప్రపంచ రాపిడ్ పోటీలో మన కోనేరు హంపి మొదటి ఆటయే ఓడి, 11 రౌండులలో 8.5 పాయింట్లతో జగజ్జేత యైనది. అదే నాకౌటై యున్నచో ఆమె కథ తొలి ఆటతోనే సరి. పద్ధతియొక్క ఈ తీరును చూచి, ఆదిలో కావలెనని అర పాయింటు వదలుకొన్నచో పిమ్మట బలహీనులు ఎదురగుదురని ఎత్తువేయువారును కలరు. స్విస్ గాంబిట్ అని దానికొక పేరు. నా మట్టుకు అది వట్టి పిసినారి తెలివి. పాయింట్లు సమానమైనపుడు ఆ తెలివికి తగిన మూల్యము చెల్లింపవలసి యుండును.

ఆ మూల్యము లెక్కగట్టునది బుక్‌హోల్జ్. 1932లో బ్రూనో బుక్‌హోల్జ్ కల్పించిన ఈ టైబ్రేకులో మన ప్రత్యర్థులందరును సంపాదించిన పాయింట్ల మొత్తమే మన యోగ్యతకు కొలమానము. కావుననే చివరి రౌండున తన ఆట ముగించుకొన్నవాడు, తొల్లి తాను చిత్తుచేసిన వాని బోర్డు ప్రక్కకు పోయి, వాడు గెలువవలెనని ఇష్టదైవమును మ్రొక్కుచుండును. తనకెదురైనవారిలో ఒకడు ప్రతి ఆటయు ఓడిపోయినచో ఆ నష్టము ఇతడేల భరింపవలెనని, అందరికంటె తక్కువ పాయింట్లు గల ప్రత్యర్థిని లెక్కనుండి తొలగించు బుక్‌హోల్జ్ కట్-1 వచ్చినది. అదియు సమానమైనచో మరియొక టైబ్రేకు, దానిపై వేరొకటి. బహుమతి ప్రదానమునకు విచ్చేసిన ముఖ్య అతిథిగారు అంతవరకు వేదికమీద రెండవ కప్పు టీ త్రాగుచుందురు.